గాలి కన్నా వానే ప్రమాదం: మిచౌంగ్ దారిలో వాకాడు తీరం

బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం ఆదివారం (2023 డిసెంబరు 3) తుఫానుగా మారింది. మయన్మార్ సూచించిన పేరు మిచౌంగ్. వాతావరణ శాఖ అంచనా ప్రకారం ఇది సోమవారం పొద్దుటికి ఉత్తర తమిళనాడు, దక్షిణ కోస్తా తీరాలకు దగ్గరగా వస్తుంది. అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి ఒడ్డు వెంబడే నడిచి, మంగళవారం నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుంది. ఆ సమయంలో గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110 దాకా ఉండొచ్చు.

ఇప్పుడు అందరూ అడిగేది ఒక్కటే: ఎక్కడ దాటుతుంది? వాకాడు జనానికి మాత్రం ఆ ప్రశ్నతో పెద్ద పని లేదు. తుఫాను బాపట్ల వైపు దాటినా, అంతకు ముందు దుగ్గరాజపట్నం, తూపిలిపాళెం ఎదురుగా సముద్రంలో నడిచే పోవాలి. నేరుగా ఒడ్డు ఎక్కే తుఫాను కొన్ని గంటల్లో బలం కోల్పోతుంది. ఒడ్డు పక్కనే మెల్లగా కదిలేది సముద్రం నుంచి తేమ తోడుకుంటూ అదే ఊళ్ల మీద రోజంతా కురుస్తుంది. ఈసారి అసలు ముప్పు అదే.

వాకాడు నేల తీరు కూడా కలిసి రాదు. పైన తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు పడిన వాన స్వర్ణముఖిలో చేరి వాకాడు బ్యారేజీ మీదుగానే సముద్రానికి పోవాలి. 2021 నవంబరులో ఆ నది ఎట్లా పొంగిందో తిరుపతి వాళ్లను అడిగితే చెబుతారు. కింద సముద్రం ఎగదన్నితే ఏటి నీళ్లు దిగవు, పల్లపు పొలాల్లోకి మళ్లుతాయి. కాస్త ఊరట ఏమిటంటే పున్నమి గత సోమవారమే పోయింది. జమాదిల్ అవ్వల్ చంద్రుడు తగ్గుతున్నాడు కాబట్టి మామూలు పోటు అంత ఎత్తు ఉండదు. అయినా పల్లపు ప్రాంతాల్లోకి సముద్రం రావచ్చని హెచ్చరిక ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను ఈ జిల్లాలో వందల ప్రాణాలు తీసింది. ఆనాటితో పోలిస్తే ఇప్పుడు రోజుల ముందే కబురు అందుతోంది. కానీ కబురు ఎవరి పేరు మీద వస్తోందో చూసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి వాకాడు మండలం తిరుపతి జిల్లాలో ఉంది. పాత అలవాటు కొద్దీ నెల్లూరు హెచ్చరికలే చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ‘తిరుపతి జిల్లా’ అంటే కొండ కింది ఊరికే అనుకుంటే పొరపాటు, తీరానికి వచ్చే ఆదేశాలూ ఆ పేరు మీదే వస్తాయి. రెడ్ అంటే చూస్తూ కూర్చునే రంగు కాదు, కదలాల్సిన రంగు.

నష్టం ముందుగా నారుమళ్లకు, ఆ తర్వాత రొయ్యల గుంటలకు. నీళ్లు నిలిస్తే నారు కుళ్లుతుంది. గుంటలో వాన నీరు చేరి ఉప్పదనం పడిపోతుంది, కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. డీజిల్ ఇవాళే తెచ్చి పెట్టుకోవాలి, రేపు బంకు తెరుస్తారన్న భరోసా లేదు. సముద్రంలోకి పోయిన పడవలు వెనక్కి రావాల్సిందే.

మసీదు కమిటీలు ఈ రెండు రోజులు మైకును అజాన్‌కే పరిమితం చేయనక్కర్లేదు. పెద్ద వాన రాత్రుల్లో ఇళ్లలోనే నమాజు చేసుకోమని అజాన్‌తో పాటే చెప్పించడం ప్రవక్త (స) నేర్పిన పద్ధతి, దానికి ఎవరూ మొహమాటపడాల్సింది లేదు. మసీదు పక్కా కట్టడమై మెరక మీద ఉంటే పూరిళ్లవాళ్లకు, ఏ మతమైనా, తలుపు తీసి ఉంచవచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు, నికానామా ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టుకోవాలి. షుగరు, బీపీ మందులు వారానికి సరిపడా ఉండాలి. గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు ఇవాళే ఫోను చేసి, లైను దొరక్కపోతే కంగారు పడొద్దని చెప్పడం మంచిది.

మంగళవారం గాలి తగ్గగానే ఏటి ఒడ్డుకు పోయే అలవాటు చాలామందికి ఉంది. పై నుంచి వరద దిగేది ఆ తర్వాతే. బ్యారేజీ గేట్లు ఎత్తారో లేదో తెలిసేదాకా చప్టాలు, కాలువలు దాటకూడదు. సాయం కావాలంటే 1070 లేదా 112.