పిడికెడు బియ్యం

లండన్ మిషన్ వారు కడపలో 1822లో పని మొదలుపెట్టారు. తర్వాత జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి వెలిసింది. చరిత్ర రాసేవాళ్లు ముందుగా చెప్పేది వీటి గురించే.

పల్లె క్రైస్తవ సంఘాలు మాత్రం పిడికెడు బియ్యంతో నిలబడ్డాయి. ఎసట్లో పోసే ముందు తల్లి ఓ పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం అది చర్చికి చేరుతుంది. వానలు మొహం చాటేసిన ఏడాది కూడా ఆ చెయ్యి ఆగదు. యేసు మెచ్చుకున్నది బీద విధవరాలి రెండు కాసులనే కదా! ఐదు వేలమందికి పెట్టింది కూడా ఓ పిల్లవాడి ఐదు రొట్టెలు, రెండు చేపలతోనే.

ఇప్పుడు కర్నూలు, కడప పట్టణాల్లో ఫ్లెక్సీలు, సౌండ్ బాక్సులు, భారీ సభలే దేవుని కార్యానికి గుర్తులన్న భావన పెరుగుతోంది. ఇది సరికాదు.

ఆ సభల ఖర్చులో కొంతైనా పల్లె పాస్టర్ జీతానికి, ఆ తల్లి పిల్లల చదువుకు మళ్లించాలి. ఈ ఏటి సంఘ బడ్జెట్లోనే ఆ పద్దు కనబడాలి.