కమల వరి: లెక్కలు ముందు రైతులకు చెప్పాలి

శంషాబాద్ నుంచి పట్నం పోయే దారిలో రాజేంద్రనగర్ వస్తుంది. భారత వరి పరిశోధన సంస్థ అక్కడే ఉంది. మన పాల్మాకుల, నర్కూడ, పెద్దషాపూర్ రైతులు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి పని చూసుకుని ఇంటికి వచ్చేంత దగ్గర. ఆ సంస్థలో తయారైన 'డీఆర్ఆర్ ధాన్ 100', అంటే 'కమల' అనే వరి రకాన్ని 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో ప్రకటించారు. ఢిల్లీలోని పూసా సంస్థ తయారుచేసిన 'పూసా డీఎస్టీ రైస్ 1'ను కూడా అదే రోజు ప్రకటించారు. జన్యు సవరణతో వరి రకాలు తెచ్చిన మొదటి దేశం మనదేనని చెప్పారు.

పక్క ఊరిలో పుట్టిన విత్తనం సంగతి మనకు ఢిల్లీ నుంచి తెలిసింది. మా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాం. రైతు సంఘాలు సైన్సుకు అడ్డం పడతాయని కొందరు పెద్దమనుషులు తేలికగా అనేస్తుంటారు. ఇది అబద్ధం. కమలకు తల్లి మన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చింది. పూసా వాళ్లు తీసుకున్నది మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, మనం కాటన్‌దొర సన్నాలు అనేది. ఈ రెండింటినీ తయారుచేసింది శాస్త్రవేత్తలే. ఊరూరా పండించి, గింజ ఎంచి, పక్కవాడికి ఇచ్చి దేశమంతా నిలబెట్టింది రైతులు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఇదే వరి సంస్థ కలిసి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని 2008లో తెచ్చాయి. దాన్ని మనం కాదనలేదు. మంచి విత్తనం వస్తే ముందుగా మొక్కేది రైతే.

మరి ఈ కొత్త పద్ధతి ఏమిటి? బీటీ పత్తిలో నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి పత్తి మొక్కలో పెట్టారు. కమలలో అలా కాదు. బయటి జన్యువును మిగల్చకుండా, వరి సొంత జన్యువునే ఒకచోట కత్తిరించారు. మొక్కలో గింజల సంఖ్య పెంచే హార్మోను ఒకటి ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే పని చేసే జన్యువు పేరు సీకేఎక్స్2. చెరువు నీళ్లు వృథాగా పోయే తూమును మూసినట్టు ఆ జన్యువు పనిని ఆపారు. హార్మోను నిలిచి, గొలుసుకు గింజలు పెరుగుతాయన్నది లెక్క. ఇలా కత్తిరించే 'క్రిస్పర్' పద్ధతిని కనిపెట్టినందుకు ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇది గొప్ప పనే, ఎవరూ కాదనరు.

ప్రభుత్వం చెప్పేదేమంటే, కమల దిగుబడి సాంబ మసూరి కంటే 19 శాతం ఎక్కువ, పంట 20 రోజులు ముందు కోతకు వస్తుంది. ఇది నిజమైతే మన ప్రాంతానికి చాలా ఉపయోగం. బోరు కింద వరి వేసేవాళ్లకు 20 రోజులంటే 20 రోజుల నీళ్లు, 20 రోజుల కాపలా. సాంబ మసూరి ఐదు నెలలు చేలో ఉంటుంది, చివరి తడులకు బోరు వట్టిపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

కానీ ఆ 19 శాతం ఎక్కడిది? ఏ నేలల్లో, ఏ సీజన్లలో, ఎన్ని చోట్ల వచ్చింది? జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే 'కొయలేషన్ ఫర్ ఏ జీఎం ఫ్రీ ఇండియా' అనే కూటమి అఖిల భారత వరి ప్రాజెక్టు నివేదికలనే ముందు పెట్టి, ప్రభుత్వం చెప్పిన గొప్పలకు ఆ అంకెలు సరిపోవడం లేదని 2025లో ఆరోపించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఎవరిది నిజమో మేము తీర్పు చెప్పడం లేదు. కానీ వాదం రెండు పక్షాల మధ్య జరుగుతుంటే నాగలి పట్టే మూడో పక్షం చేతిలో ఆ కాగితాలే లేవు. లెక్కలన్నీ తెలుగులో, మనకు అర్థమయ్యే క్వింటాళ్లలో, ఎకరాల్లో పెడితే వాదం సగం తేలిపోతుంది.

రెండో సంగతి అనుమతులు. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమోరాండం ఇచ్చింది. బయటి జన్యువు లేని సవరణ పంటలకు 1989 జన్యుమార్పిడి నిబంధనల్లోని ముఖ్యమైన వాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే బీటీ పత్తి పోయిన దారిలో, జీఈఏసీ దాకా ఇది పోనక్కర్లేదు. శాస్త్రవేత్తల్లోనే దీనిపై రెండు మాటలున్నాయి. సహజంగా కూడా ఇలాంటి మార్పులు వస్తాయి కదా అని కొందరు, కోరినచోట కాక వేరేచోట కత్తెర పడితే ఎవరు చూస్తారని మరికొందరు. యూరప్ న్యాయస్థానం 2018లో ఇవీ జన్యుమార్పిడి పంటల కిందికే వస్తాయని తీర్పు చెప్పింది, తర్వాత అక్కడ కూడా నిబంధనలు సడలించే ప్రయత్నాలు మొదలయ్యాయి. జపాన్‌లో సవరించిన టమాటా 2021లోనే అమ్మకానికి వచ్చింది. ప్రపంచం ఇంకా చర్చిస్తోంది. మన దగ్గర ఒక ఆఫీసు కాగితంతో చర్చ ముగిసింది.

2010లో బీటీ వంకాయ విషయంలో ఇలా జరగలేదు. అప్పటి మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టి రైతులను, శాస్త్రవేత్తలను ఒకేచోట కూర్చోబెట్టారు. అరుపులు కేకలు జరిగాయి. కానీ ఆ సంవత్సరం ఫిబ్రవరి 9న ఆయన నిర్ణయం ప్రకటించినప్పుడు అందరి మాటా విన్నాకే ప్రకటించారు. ఇప్పుడు అంతకంటే తక్కువ అడగడం లేదు.

మూడో సంగతి, అసలైనది, విత్తనం ఎవరిది? క్రిస్పర్ మూల పేటెంట్ల కోసం విదేశీ విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా కోర్టుల్లో కొట్లాడుకుంటున్నాయి. ఆ పద్ధతితో చేసిన విత్తనాన్ని మన ప్రభుత్వ సంస్థ అమ్మకానికి ఇచ్చేటప్పుడు ఎవరికి ఎంత కట్టాలి? కట్టాల్సి వస్తే అది ఎవరి నెత్తిన పడుతుంది? బీటీ పత్తి మనకు నేర్పిన పాఠం గుర్తుంది. 450 గ్రాముల ప్యాకెట్ దాదాపు 1,800 రూపాయలకు అమ్మితే, 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కమిషన్ దాకా పోయి 750కి దించింది. విత్తనం కంపెనీ చేతిలో పడ్డాక దించడం ఎంత కష్టమో చూశాం. 2001 చట్టం ప్రకారం పండించిన గింజను దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకు ఉంది. బాపట్ల సాంబ మసూరి మీద మనకు ఉన్న ఆ హక్కు దాని బిడ్డ కమల మీద కూడా ఉంటుందని రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక సర్కారు సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. కమల ఆ జాబితాలో చేరుతుందా? మిల్లరు సాంబ మసూరి ధర ఇస్తాడా? అన్నం అదే రుచి ఉంటుందా? చిన్న ప్రశ్నలే, కానీ అప్పు తెచ్చి వేసేవాడికి ఇవే పెద్ద ప్రశ్నలు.

ఈ ప్రాంతానికి నిర్ణయాల తర్వాత తెలిసే అలవాటు ఎక్కువైంది. విమానాశ్రయం కోసం వేల ఎకరాలు పోయాక ఊరి పొలాల ధరలు ఎలా పెరిగాయో, పొలాలు ఎలా తరిగాయో మనం కళ్లారా చూశాం. ఇంకా వరి వేస్తున్న కొద్దిమందిని కూడా విత్తనం విషయంలో పక్కన పెట్టడం న్యాయం కాదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. కమల పొలం పరీక్షల పూర్తి లెక్కలు తెలుగులో విడుదల చేయాలి. విత్తనం మార్కెట్‌లోకి రాకముందే రాజేంద్రనగర్‌లో బహిరంగ విచారణ పెట్టాలి. పేటెంట్, లైసెన్సు కాగితాలు బయటపెట్టాలి. ప్యాకెట్ మీద జన్యు సవరణ రకమని రాయాలి. మన ప్రాంతంలో కొందరు రైతుల పొలాల్లో, నష్టమైతే పూర్తి పరిహారం రాసిచ్చి, రెండు సీజన్లు పరీక్షించాలి.

ఈ లోపు ఎవరైనా డీలరు కమల అని చెప్పి ప్యాకెట్ చేతిలో పెడితే బిల్లు, లాట్ నంబరు తీసుకోకుండా కొనకండి. ఊరి కమిటీలు ఈ నెల సమావేశంలో పై డిమాండ్లపై తీర్మానం చేసి సంఘానికి పంపండి. అందరివీ కట్టగట్టి మేమే రాజేంద్రనగర్ తీసుకుపోతాం.