ఉమ్మడి చెరువుకు సొంత తూమా?



మా ఇంట్లో డిగ్రీ చదువు నాతోనే మొదలైంది. ఇప్పుడు పీజీలో ఉన్నాను. కంప్యూటర్ చదివే మన పిల్లలకు పనికొస్తుందని జావాస్క్రిప్ట్‌లో ప్రోటోటైపును మార్చడం గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ప్రోటోటైపు అంటే కణేకల్ రైతుకు సులువుగా అర్థమవుతుంది. చేనులో సొంత బోరు ఉంటే ఆ నీళ్లే పారిస్తాడు. లేకుంటే చెరువు వైపు, అక్కడా లేకుంటే హెచ్చెల్సీ కాలువ వైపు చూస్తాడు. ఆబ్జెక్టు కూడా అంతే. అడిగినది తన దగ్గర లేకుంటే తన ప్రోటోటైపులో, అక్కడా లేకుంటే దాని పైదానిలో వెతుకుతుంది. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఈ భాషను తయారుచేసినప్పుడు సెల్ఫ్ అనే భాష నుంచి ఈ పద్ధతి తీసుకున్నాడు.

సౌకర్యమూ ఇక్కడే, ప్రమాదమూ ఇక్కడే. ఒక పేజీలోని అర్రేలన్నిటికీ ప్రోటోటైపు ఒక్కటే. దానికి ఏదైనా చేర్చితే ప్రతి అర్రేకూ, ముందే పుట్టినవాటికి సైతం, వచ్చేస్తుంది. ఒకరు చెరువుకట్టకు సొంత తూము పెట్టుకుంటే ఆయకట్టంతా ప్రభావం పడినట్టు.

మూటూల్స్ అనే లైబ్రరీ 2000ల్లో అర్రే ప్రోటోటైపుకు 'ఫ్లాటెన్' అనే ఫంక్షన్ చేర్చింది. తర్వాత భాషా ప్రమాణాల సంఘం అదే పేరుతో ఫంక్షన్ తేబోయింది. 2018లో ఫైర్‌ఫాక్స్ పరీక్షా బ్రౌజరులో పెట్టి చూస్తే పాత మూటూల్స్ వాడే వెబ్‌సైటు చెడిపోయింది. చివరికి పేరును 'ఫ్లాట్' అని మార్చి 2019 ప్రమాణంలో చేర్చారు. ఒక లైబ్రరీ సౌకర్యం కోసం భాషే తలవంచాల్సి వచ్చింది!

అలాగని అసలు తాకకూడదని కాదు. పాత బ్రౌజరులో లేని ప్రామాణిక ఫంక్షన్‌ను, ఉందో లేదో ముందు చూసి, ప్రమాణం చెప్పినట్టే చేర్చవచ్చు. సొంత అవసరానికైతే విడి ఫంక్షనో, సొంత క్లాసో రాసుకోవాలి. తయారైన ఆబ్జెక్టుకు ప్రోటోటైపు మార్చే 'సెట్ ప్రోటోటైప్ ఆఫ్' 2015 ప్రమాణంలో ఉన్నా, అది ప్రోగ్రాము వేగాన్ని తగ్గించవచ్చు. పుట్టించేటప్పుడే 'ఆబ్జెక్ట్ క్రియేట్'తో ఇవ్వడం మేలు.

"ప్రాజెక్టు నడిచి మార్కులొస్తే చాలు కదా" అని కొందరంటారు. నేనొప్పుకోను. రేపు ఉద్యోగంలో మన కోడ్ మీద పదిమంది పని ఆధారపడుతుంది. అక్కడ మన తప్పు దిద్దడానికి ఇంట్లో చదువుకున్న పెద్దలు లేరు. మంచి అలవాటే మనకు పెద్దదిక్కు.

ఉమ్మడిదాన్ని ముట్టుకునే ముందు దానిమీద ఎవరెవరు ఆధారపడ్డారో అడగండి. ఒకే కుళాయి దగ్గర వరుసలో నిలబడి పెరిగిన మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు.