వృత్తిపన్ను: పైకి గట్టు, క్రిందికి గోయి

నెలకు రూ. 15,000 జీతము పుచ్చుకొను గుమాస్తాకు యజమాని దయతలచి ఒక్క రూపాయి హెచ్చుచేసెనేని, ఆతని చేతికి వచ్చు సొమ్ము 149 రూపాయలు తగ్గును. ఇది హాస్యము కాదు. తెలుగు రాష్ట్రములు రెంటియందును అమలులోనున్న వృత్తిపన్ను లెక్క.

2013లో కుదిర్చిన పట్టిక ప్రకారము రూ. 15,000 వఱకు పన్ను లేదు. ఆపైన 20,000 వఱకు నెలకు 150. అటుపై జీతమెంతయైనను 200. యజమానియే జీతములో కోసి ఖజానాకు చెల్లించును గనుక, నొప్పి తెలియదు, కేక వినబడదు. నెలకు రూ. 21,000 తెచ్చుకొనువాడును, అయిదు లక్షలు తెచ్చుకొనువాడును ఏడాదికి అవే రూ. 2,400 చెల్లింతురు. మొదటివానికది రమారమి నూటికి ఒక రూపాయి. రెండవవానికి నూటికి నాలుగు పైసలు!

మా వృత్తి సంగతి చూడుడు. వకీలుగా చేరి అయిదేండ్లు దాటినవాడెవడైనను రూ. 2,500 చెల్లింపవలసినదే. ఒక్క వాదనకు లక్షలు పుచ్చుకొను హైకోర్టు వకీలునకును, కోర్టు ఆవరణలో వేపచెట్టు క్రింద అఫిడవిట్లు వ్రాసి పొట్టపోసికొనువానికిని సర్కారు దృష్టిలో భేదము లేదు. ఇంతటి సమదృష్టి వేదాంతులకైనను దుర్లభము.

దీనికి ప్రభువులు చెప్పు సమాధానము మేమెఱుగుదుము. రాజ్యాంగము 276వ అధికరణము ఏడాదికి రూ. 2,500 మించరాదని తమ చేతులు కట్టివేసినదందురు. నిజమే. 1940లో 50 రూపాయలుగా వేసిన గట్టు 1950లో 250కి, 1988లో 60వ సవరణచే 2,500కు పెరిగినది. ఆదాయముపై పన్ను కేంద్రమునది గనుక, రాష్ట్రములు వేఱొక పేర దానినే మఱల వేయకుండుటకై యీ కట్టుబాటు. దానిని కదల్చుట పార్లమెంటు పని.

కాని ఆ గట్టు పైయంచున నున్నదే గాని క్రిందియంచున లేదే! బీదవానిని విడువరాదని ఏ అధికరణము శాసించినది? ఢిల్లీ, హర్యానా ప్రభుత్వములు ఈ పన్నే విధింపవు. అచ్చట కచ్చేరీలు మూతపడలేదు. 2013 నాటి పదునైదు వేలకు వచ్చిన బియ్యము, దొరకిన అద్దెయిల్లు నేడు ఆ సొమ్మునకు వచ్చునా? ధనవంతుని గట్టు రాజ్యాంగములో భద్రముగా నున్నది. గుమాస్తా హద్దు మాత్రము ధరలతోపాటు ఏటేట క్రుంగుచున్నది.

ఆనాడు ప్రభుత్వోత్తరువుతో మార్చిన పట్టికను నేడును ఉత్తరువుతోనే మార్చవచ్చును. మినహాయింపు హద్దును పెంచవలయును. హద్దు దాటినవానికి దాటిన మేరకే పన్ను పడవలయును. రాబోవు బడ్జెటు సమావేశమున ఏ శాసనసభ్యుడు లేచి యీ మాట అడుగునో చూతము.