కుందేలు పెత్తనం

ప్రతి విద్యార్థి సంఘంలోను ఒకడుంటాడు. ప్రకటన వ్రాసేది అతడే, కుర్చీలు లెక్కపెట్టేది అతడే, ముఖ్య అతిథికి పూలమాల ఎవరు వేయవలెనో, వందన సమర్పణ ఎన్ని నిమిషాలలో ముగియవలెనో నిర్ణయించేది కూడ అతడే. అతనిని చూచి విసుగుకొనని సభ్యుడు లేడు. అయితే అతడు ఒక్కనాడు జ్వరపడి రాకపోతే ముషాయిరాకు షామియానా లేవదు, కవి సమ్మేళనానికి మైకు పలుకదు. ఇట్టి వ్యక్తిని గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు చిరకాలంగా కోరిక. కాని ఏ మనిషిని ఉదాహరించినా మా మిత్రులలో కనీసం ముగ్గురు తమనే అన్నామని అలుగుతారు. అందుచేత ఒక కుందేలును ఆశ్రయిస్తున్నాము.

ఈ కుందేలు ఆంగ్ల రచయిత ఎ. ఎ. మిల్న్ సృష్టి. 1926లో వెలువడిన ‘విన్నీ ద పూ’, 1928లో వెలువడిన ‘ది హౌస్ ఎట్ పూ కార్నర్’ అనే రెండు బాలల పుస్తకాలలో అతడు కనిపిస్తాడు. (జంతువును ‘అతడు’ అంటున్నందుకు వ్యాకరణ పండితులు మన్నింతురు గాక! మన చిన్నయసూరి ఎలుకకే ఆ గౌరవం ఇచ్చినాడు.) ఈ కథలు జరిగే అడవికి మూలం ఇంగ్లండులో సస్సెక్స్ ప్రాంతమందలి ఆష్‌డౌన్ ఫారెస్టు. మిల్న్ కుమారుడైన క్రిస్టఫర్ రాబిన్ ఆటబొమ్మలే కథలలో పాత్రలైనవి: ఎలుగుబంటి పూ, పందిపిల్ల పిగ్లెట్, గాడిద ఈయోర్, కంగారూ తల్లి కంగా, ఆమె బిడ్డ రూ, పులి టిగ్గర్. కుందేలు, గుడ్లగూబ మాత్రం బొమ్మలు కావు; రచయిత ఊహలో పుట్టినవి. బొమ్మల నడుమ బొమ్మ కాని ప్రాణి గనుకనే కాబోలు, అడవికి అసలు నివాసిని తానేనన్నట్లు ఇతని ధోరణి ఉంటుంది.

తొలి పరిచయమే గమనింపదగినది. పూ వచ్చి కలుగు ముందు నిలిచి, లోపల ఎవరైనా ఉన్నారా అని కేక వేస్తాడు. ఎవరూ లేరని కుందేలే లోపలినుంచి బదులు చెబుతాడు! తరువాత లోనికి రానిచ్చి తేనె, డబ్బాపాలు పెడతాడు. తిన్నవాడు బయటికి పోతూ కలుగు నోటిలో ఇరుక్కొంటాడు. అతిగా తిన్నందువలననే ఈ గతి పట్టినదని కుందేలు మందలిస్తాడు. వారం రోజులపాటు ఆ ఎలుగుబంటి కాళ్ళను తువాళ్ళు ఆరవేసికొనే దండెంగా వాడుకొంటాడు. ఇది పరమ స్వార్థమని మా మిత్రుడొకరు వాదించారు. మేము అంగీకరించలేదు. క్రిస్టఫర్ రాబిన్‌ను పరుగున పిలుచుకొని వచ్చినది ఎవరు? వారం గడచిన తరువాత పూను బయటికి లాగేటప్పుడు బాలుని పట్టుకొని, వెనుక తన బంధుమిత్ర పరివారాన్నంతా వరుసగా నిలిపి లాగినది ఎవరు? నోట మందలింపు, చేతిలో సాయం. ఇట్టి పెద్దలను మన ఇండ్లలో మనం ఎరుగని వారమా?

రెండవ పుస్తకంలో స్మాల్ అనే అతి చిన్న పురుగు తప్పిపోతుంది. అది కుందేలు బంధువర్గంలోనిదే. అతడు తక్షణమే గాలింపు ఏర్పాటు చేస్తాడు. ఎవరు ఎక్కడ వెదకవలెనో ఆజ్ఞలు జారీ చేస్తాడు. చివరికి పురుగు పూ వీపు మీదనే దొరుకుతుంది. అందరూ ఇండ్లకు పోతారు. రెండు రోజుల తరువాత కుందేలుకు దారిలో ఈయోర్ కనిపిస్తాడు. పాపం, ఆ గాడిద ఇంకా వెదకుతూనే ఉన్నది! దొరికినదన్న మాట దానికి ఎవరూ చెప్పలేదు.

బాలురు ఇక్కడ నవ్వుతారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. చేతి ఫోన్లు లేని రోజులలో మేము ఒక వార్షికోత్సవానికి నిర్వాహకులుగా ఉండి, అతిథిని తోడ్కొని రావడానికి ప్రథమ సంవత్సరం విద్యార్థులను ఇద్దరిని బస్‌స్టాండులో నిలిపినాము. అతిథి వేరొకరి కారులో వచ్చి, ఉపన్యసించి, భోంచేసి వెళ్ళిపోయినారు. ఆ ఇద్దరూ రాత్రి తొమ్మిది గంటల వరకు పూలదండతో అక్కడే నిలబడి ఉన్నారు. వారిలో ఒకడు మరి ఏ సభకూ రాలేదు. ఆనాడు మేము ఎంత శ్రమించామో, ఎన్నిసార్లు మెట్లు ఎక్కి దిగామో ఇప్పటికీ గర్వంగా చెప్పుకొంటాము. ఆ విద్యార్థి పేరు మాత్రం గుర్తుకు రాదు.

ఇంతవరకు కుందేలు దోషం ఉపేక్ష మాత్రమే. అసలు దోషం వేరొకటి ఉన్నది. అడవికి కంగా, రూ క్రొత్తగా వస్తారు. వారు ఎక్కడినుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. బిడ్డను సంచిలో మోయడం కుందేలుకు వింతగా తోచింది. తన సంతానాన్ని తాను అట్లే మోయవలసివస్తే ఎన్ని జేబులు కావలెనో లెక్క వేస్తాడు. చేతిరుమాలుతో కలిపి పదునెనిమిది! ఇక ఊరుకొంటాడా? రూను అపహరించి, తల్లీబిడ్డలు అడవి విడిచి పోయేటట్లు చేయడానికి 11 అంశాలతో పథకం వ్రాస్తాడు. తరువాత టిగ్గర్ వంతు. అతడు గంతులు ఎక్కువగా వేస్తున్నాడని, పొగమంచులో దూరంగా తీసికొనిపోయి దారి తప్పించి వదలిపెడితే బుద్ధి వస్తుందని మరొక పథకం.

క్రొత్తవారిని శంకించడం తప్పా అని అడుగవచ్చు. ‘నీతిచంద్రిక’లో హిరణ్యకుడనే ఎలుక కూడ తన కలుగు వీడి రాకుండనే లఘుపతనకుని స్నేహాన్ని మొదట నిరాకరిస్తాడు. కాని అతనికి కారణమున్నది: వచ్చినది కాకి, తాను కాకికి ఆహారం. మాటలు సాగిన పిమ్మట అతని మనస్సు మారుతుంది. మన కుందేలుకు అట్టి ప్రాణభయ మేమున్నది? కంగా అతనికి చేసిన కీడు లేదు. తన అడవి ఎట్లా ఉండవలెనో తనకే తెలుసునన్న నమ్మకం తప్ప మరొక హేతువు కనిపించదు. ఆ నమ్మకం ద్వేషం నుంచి పుట్టినది కాదు, అడవి మీది ప్రేమ నుంచి పుట్టినది. మా అభిప్రాయంలో చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఒక చోటు కోసం రాత్రింబవళ్ళు పాటుపడినవానికి ఆ చోటిలోనికి ఎవరు రావలెనో నిర్ణయించే హక్కు కూడ తనదేనని తోస్తుంది. అతని సేవను చూచి మనమూ అవునంటాము.

మిల్న్ అతనిని శిక్షించడు. రూతో ఆడుకొంటూ ఉండగానే కుందేలు మనస్సు కరిగి, ఆ బిడ్డ ప్రతి మంగళవారం తన ప్రియమిత్రుడైన కుందేలుతోనే గడుపుతాడు. పొగమంచులో దారి తప్పినది టిగ్గర్ కాదు, కుందేలే. వెదకి తెచ్చినది టిగ్గర్. వదలించుకోదలచినవాని గంతులే ఆనాడు ఎంతో చల్లగా తోచినవట.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పెత్తనం చేసే విద్యార్థిని తొలగించవద్దు. అతడు లేనిదే పని జరుగదు. కాని సభ్యుల జాబితా అతని జేబులో ఉండరాదు. ఏటేటా ఇతర జిల్లాలనుంచి వచ్చేవారున్నారు. తెలుగు మాత్రమే వచ్చినవారు, ఉర్దూ మాత్రమే వచ్చినవారు ఉన్నారు. ప్రతి సంఘంలోను ప్రథమ సంవత్సరం వారికి రెండు స్థానాలైనా కేటాయించవలెను. ప్రతి ప్రకటనా రెండు లిపులలోను గోడకెక్కవలెను. సభ ముగిసినదని బస్‌స్టాండులో నిలిచినవానికి చెప్పవలసిన బాధ్యత కూడ ఎవరో ఒకరి పేర వ్రాసి ఉంచవలెను.

రెండవ పుస్తకం చివర క్రిస్టఫర్ రాబిన్ అడవిని విడిచి వెళ్ళే సమయం వస్తుంది. ఏమి చేయవలెనో ఎవరికీ తోచదు. సభకు ప్రకటన వ్రాసినది కుందేలే. ‘తీర్మానం’ అనే మాటకు వర్ణక్రమం ఎంతకూ కుదరక రెండు మూడుసార్లు తిరుగవ్రాసినాడు. ఎడమ ప్రక్కన నడువవలెనని, అవసరం లేని ఆజ్ఞ ఒకటి కూడ జోడించినాడు. ఈసారి గోడకు అంటించి ఊరుకొనలేదు. అందరి వద్దకు తానే తీసికొనిపోయి చదివి వినిపించినాడు. ఈయోర్ ఒక పద్యం కట్టినాడు. దాని క్రింద అందరూ సంతకాలు చేసినారు. కుందేలు పేరున్న ఆ కాగితం మీదనే కంగా పేరు ఉన్నది. ఒక సిరా చుక్క, ఒక మరక కూడ ఉన్నవి.