పంపామంటారు... రాలేదంటారు!

ఇంటర్వ్యూ పిలుపు కోసం అమ్మాయి పది రోజులుగా ఇన్‌బాక్స్‌ తెరిచి చూస్తోంది. కంపెనీవాళ్లేమో ఎప్పుడో పంపేశామంటున్నారు. మరి మెయిల్‌ ఏమైనట్టు?

ఒకప్పుడు రైలు పెట్టెల్లో ఆర్‌ఎంఎస్‌ సార్టర్లు గళ్ల అరల ముందు నిలబడి ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీసేవారు. మెయిల్‌ సర్వర్‌లోనూ అలాగే తలా ఒక పని. వీట్సె వెనెమా రూపొందించగా 1998లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నే చూడండి. గుమ్మం దగ్గర ఒక ప్రోగ్రాం కాపలా ఉంటుంది. ఎవరు పంపారు, ఎవరికి అని అడుగుతుంది. ఆ పేరుగల వాళ్లెవరూ ఇక్కడ లేకపోతే ‘550’ అని అక్కణ్నుంచే తిప్పి పంపేస్తుంది. ఉంటే ఉత్తరాన్ని రెండో ప్రోగ్రాంకి అందిస్తుంది. అది చిరునామా సరిచూసి, హార్డ్‌డిస్కు మీద రాసి పెడుతుంది. అలా రాశాకే అవతలి సర్వర్‌కి ‘250’ అన్న జవాబు వెళ్తుంది. ‘ముట్టింది, ఇక పూచీ మాది’ అని దాని అర్థం. ఆ తర్వాత కరెంటు పోయినా ఉత్తరం పోకూడదనే ఈ ఏర్పాటంతా.

ఇక క్యూ. ఇక్కడివాళ్లదైతే పెట్టెలోకి, బయటివాళ్లదైతే మరో సర్వర్‌కి. అవతలివాళ్లు ‘తర్వాత రండి’ అంటే పక్కన పెట్టి, మామూలుగా ఐదు రోజులదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే పంపినవాళ్లకి కబురు పెడుతుంది.

మధ్యలో వడపోత ఒకటుంది. స్పామ్‌అసాసిన్‌ అనే ప్రోగ్రాం ప్రతి మెయిల్‌కీ మార్కులు వేస్తుంది. బడి పరీక్షకి ఇది తలకిందులు. మామూలు లెక్కలో 5 మార్కులొస్తే స్పామ్‌ ముద్ర పడ్డట్టే! అయితే అది ముద్ర వేసి ఊరుకుంటుందే తప్ప దేన్నీ చెరపదు. ఆ మెయిల్‌ని ఏం చేయాలో సర్వర్‌ నడిపేవాళ్ల ఇష్టం. కొందరు ఎవరికీ చెప్పకుండా చెత్తబుట్టలో పడేయిస్తారు. పూచీ మాదని మాటిచ్చాక అది అన్యాయమే. ఎక్కువమంది మాత్రం స్పామ్‌ ఫోల్డర్‌లోకి నెడతారు.

కాబట్టి, తిప్పి పంపిన కబురేమైనా వచ్చిందా అని ముందు కంపెనీవాళ్లనే అడగాలి. రాలేదంటే మెయిల్‌ స్పామ్‌ ఫోల్డర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. జీమెయిల్‌ అయితే అక్కడ 30 రోజులే ఉంచి చెరిపేస్తుంది. అంటే అమ్మాయికి ఇంకో ఇరవై రోజులు గడువుంది. ఇంటర్వ్యూ తేదీకి మాత్రం ఆ గడువుతో పనిలేదు!