బోరునీటికి అంకె యడుగవలెను

“మా బోరునీరు తేటగానున్నది, తియ్యగానున్నది, దానికి పరీక్ష యేల?” అని మెదకులో ఒక సభ్యుడు మమ్ము నడిగెను. యురేనియమునకు నీటిలో రుచి లేదు, వాసన లేదు, కాచినను పోదు. మన సీమలో భూమి క్రింద నున్నది గ్రానైటు రాయి. అందు ఈ లోహము స్వల్పముగా సహజముగనే యుండును. కావున గనులు లేని మండలములకు ఈ ప్రసంగముతో పని లేదని తలపరాదు.

గని యున్నచోట చిక్కు పెద్దది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ వారి గనికి 2007లో శంకుస్థాపన జరిగెను. మిల్లు మడ్డిని నిలువచేయు చెఱువునుండి నీరు తమ బోరులలోనికి దిగి అరటితోటలు చెడుచున్నవని సమీపగ్రామముల రైతులు పిమ్మట మొఱపెట్టిరి, సంస్థవారు కాదనిరి. తీర్పు చెప్పుటకు మేమెవరము? కాని గని రాకపూర్వపు తన బోరు అంకె యొక్కటి ప్రతి రైతు పెట్టెలోను వ్రాసియున్నచో ఆ తగవు ఎంత తేలికగా తేలియుండెడిది!

ఆ అంకెను చెప్పు యంత్రము కలదు. సీసెడు నీటిలో కొంచెము తీసి, ఫాస్ఫేటు లవణము కలిపి, దానిపై లేజరు వెలుగును క్షణమాత్రము ప్రసరింపజేయుదురు. యురేనియమున్నచో నీరు పచ్చగా మెఱయును. నీటిలోని యితర మలినములును మెఱయును గాని, వాని మెఱుపు కుండను తట్టిన చప్పుడువలె వెంటనే చచ్చును. యురేనియపు మెఱుపు కంచుపళ్లెపు మ్రోతవలె కొంత నిలుచును. యంత్రము ఆ కొంతసేపు ఆగి లెక్కించును. లీటరునకు ఒక మైక్రోగ్రాము కంటె తక్కువయైనను పట్టుకొనును. ఇండోరులోని రాజా రామన్న కేంద్రమువారు మన దేశముననే ఇట్టి యంత్రమును నిర్మించిరి. అయితే ఇది యురేనియమునే చూచును. 1986లో చెర్నోబిల్ ప్రమాదమున పొలములపై పడిన సీసియము వంటివానికి వేఱు సాధనములు కావలెను.

“ప్రమాదము లేదు” అని వ్రాసిన కాగితముతో తృప్తిపడరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2011లో లీటరునకు 30 మైక్రోగ్రాములు హద్దనిరి. మన అణుశక్తి నియంత్రణ మండలివారు 60 అనిరి. 45 వచ్చిన బోరు ఒకరి లెక్కలో మంచిది, ఒకరి లెక్కలో చెడ్డది. అంకె లేని కాగితమున ఈ భేదము కానరాదు.

అంకె చెడ్డదైనచో భూమి ధర పడిపోవునని కొందఱు సభ్యులు జంకుచున్నారు. ఆ భయము అబద్ధము కాదు. కాని త్రాగునీటి యురేనియము మొదట దెబ్బతీయునది మూత్రపిండములను. ఆ నీరు త్రాగువారు మన పిల్లలు. అంకె తెలిసినయెడల త్రాగుటకు వేఱు నీరు చూచుకొనవచ్చును, లేదా ఆర్వో యంత్రముతో శుద్ధిచేయవచ్చును. గ్రామమునకొక త్రాగునీటి బోరునైనను సంఘనిధి వ్యయముతో ఈ ఖరీఫునకు ముందే పరీక్ష చేయింపవలెనని మా యభిప్రాయము. సీసాపై బోరు లోతు, తేదీ వ్రాయుట మఱువవద్దు.